తెర వెనకాల వెలుతురు

ఇళ్లలో గోడకు వేలాడే ఫ్లాట్ టీవీల్లో ఎక్కువ భాగం ఎల్‌సీడీ టీవీలు. తిరుపతి, చిత్తూరు అంగళ్లలో వాటిని ఎల్‌ఈడీ టీవీలనే అమ్ముతారు, కొనేవాళ్లూ అలాగే అడుగుతారు. ఎల్‌ఈడీ అన్నది తెర వెనకాల వెలిగే దీపం. బొమ్మను గీసేది ఆ దీపానికీ చూసేవారి కంటికీ నడుమ ఉండే ద్రవస్ఫటికం, అంటే లిక్విడ్ క్రిస్టల్. టీవీ నడుస్తున్నంతసేపూ దీపం తెల్లగా వెలుగుతూనే ఉంటుంది. ఆ వెలుతురును తెరమీద ఎక్కడ ఎంత వదలాలి, ఎక్కడ ఎంత ఆపాలి అన్నదే ద్రవస్ఫటికం చేసే పని. ఈ సంగతి పట్టుబడితే ఫ్లాట్ టీవీ మేలేమిటో, దాని లోటేమిటో, ఏ ఇంటికి ఏ టీవీ నప్పుతుందో వరసగా తెలిసిపోతాయి.

అంతకు ముందు రాజ్యమేలిన డబ్బా టీవీ తీరు వేరు. దానికి పిక్చర్ ట్యూబే ప్రాణం. 1897లో జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ తయారుచేసిన కాథోడ్ కిరణ నాళం దానికి మూలం. ట్యూబు వెనక కొస నుంచి ఎలక్ట్రాన్ల ధార వేల వోల్టుల ఒత్తిడితో దూసుకొచ్చి, ముందు గాజుకు లోపలివైపు పూసిన ఫాస్ఫర్ పొడిని తాకుతుంది. తాకిన చోట వెలుగు పుడుతుంది. ఆ ధార తెర నాలుగు మూలలకూ వంగాలంటే వెనకాల చోటు కావాలి. తెర పెద్దదయ్యేకొద్దీ ట్యూబు లోతు పెరుగుతుంది. లోపలంతా శూన్యం కాబట్టి బయటి గాలి ఒత్తిడికి తట్టుకునేలా గాజును మందంగా పోయాలి. అందుకే 21 అంగుళాల టీవీ ఇరవై కిలోల దాకా తూగేది. 29 అంగుళాలదైతే బల్లమీదికి ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చేది.

అప్పటి చిత్తూరు జిల్లా దక్షిణపు అంచులో టీవీ కథ మద్రాసుతో మొదలైంది. మద్రాసు దూరదర్శన్ కేంద్రం 1975 ఆగస్టు 15న, హైదరాబాదు కేంద్రం 1977 అక్టోబరు 23న ప్రసారాలు ప్రారంభించాయి. సత్యవేడు, నాగలాపురం, పుత్తూరు, నగరి వైపు ఊళ్లకు హైదరాబాదు కంటే మద్రాసే బాగా దగ్గర. టీవీ ఉన్న ఇంటి మిద్దెమీద పొడవాటి ఇనుప పైపు, దాని కొసన యాంటెనా, కింద బూస్టర్ కనిపించేవి. మద్రాసు సాలిడేర్, డయనోరా టీవీలు, హైదరాబాదు ఈసీఐఎల్ టీవీలు ఆ కాలపు పేర్లు. కొన్నిటికి చెక్క పెట్టె, పక్కకు జరిపే తలుపులు, తాళం కూడా ఉండేవి. గాలి వీస్తే యాంటెనా తిరిగిపోయి బొమ్మ చుక్కలయ్యేది. ఒకరు మిద్దెక్కి తిప్పుతుంటే మరొకరు కిటికీలోంచి వచ్చిందో రాలేదో కేక వేసి చెప్పేవారు.

ద్రవస్ఫటికం సంగతి టీవీ కంటే పాతది. 1888లో ప్రాగ్ నగరంలో ఫ్రెడరిక్ రైనిట్జర్ అనే వృక్షశాస్త్రవేత్త కారట్ దుంపల నుంచి తీసిన కొలెస్టరాల్‌తో చేసిన ఒక పదార్థాన్ని కరిగిస్తున్నాడు. 145.5 డిగ్రీల దగ్గర అది కరిగింది, కానీ పేరిన పాలలా మసకగా ఉండిపోయింది. 178.5 డిగ్రీలు దాటాకే తేటపడింది. ఒకే పదార్థానికి కరిగే దశలు రెండుండడం అప్పటి శాస్త్రానికి అంతుపట్టలేదు. జర్మనీకి చెందిన ఓటో లేమన్ దాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి, ద్రవంలా పారుతూనే స్ఫటికంలా కాంతితో ప్రవర్తిస్తున్నదని తేల్చాడు. ఇలాంటి పదార్థంలో అణువులు సన్నని కడ్డీల్లా ఉంటాయి. ఒకదాని పక్కన ఒకటి జారుతూనే, అన్నీ ఇంచుమించు ఒకే దిక్కుకు తల పెట్టుకుంటాయి. కొద్దిపాటి వోల్టేజి తగిలితే చాలు, ఆ తల తిరుగుతుంది. ఫ్లాట్ టీవీ మొత్తం ఈ ఒక్క గుణం మీద నిలబడి ఉంది.

రైనిట్జర్ చూసిన వింత ఎనభై ఏళ్ల పాటు పరిశోధనశాలల్లోనే ఉండిపోయింది. 1968లో అమెరికాలోని ఆర్‌సీఏ సంస్థలో జార్జ్ హైల్‌మైయర్ బృందం ద్రవస్ఫటికంతో పనిచేసే తెరను లోకానికి చూపింది. 1970లో స్విట్జర్లాండ్‌లో మార్టిన్ షాట్, వోల్ఫ్‌గాంగ్ హెల్ఫ్‌రిష్ మెలి తిరిగిన ద్రవస్ఫటికపు పద్ధతిని రూపొందించారు. చేతి గడియారాలకూ కాలిక్యులేటర్లకూ దారి తెరిచింది ఆ పద్ధతే. తెరలో ఒక్కో చుక్కకు ఒక్కో ట్రాన్సిస్టర్ పెట్టి నడిపే విధానాన్ని 1970ల మొదట్లో వెస్టింగ్‌హౌస్‌లో పీటర్ బ్రోడీ చేసి చూపాడు. 1988లో జపాన్ కంపెనీ షార్ప్ 14 అంగుళాల రంగుల తెరను ప్రదర్శించాక గానీ, గోడకు తగిలించే టీవీ నిజంగా సాధ్యమేనని పరిశ్రమ నమ్మలేదు.

ఈ చరిత్రలో పొరుగునే ఉన్న బెంగుళూరుకు గట్టి చోటుంది, దాన్ని చెప్పుకునేవారే తక్కువ. అక్కడి రామన్ పరిశోధన సంస్థలో శివరామకృష్ణ చంద్రశేఖర్ ద్రవస్ఫటికాల మీద ప్రపంచం గౌరవించిన ప్రయోగశాలను నడిపాడు. ఆయన సర్ సి.వి. రామన్‌కు బంధువు. అంతవరకు కడ్డీ ఆకారపు అణువులకే ద్రవస్ఫటిక గుణం ఉంటుందని అనుకునేవారు. 1977లో చంద్రశేఖర్, బి.కె. సదాశివ, కె.ఎ. సురేశ్ కలిసి, నాణెంలా చదునుగా ఉండే అణువులు కూడా ఆ గుణం చూపుతాయని రుజువు చేశారు. తర్వాత జపాన్‌లో ఆ చదును జాతి అణువులతోనే ఒక పలుచని పొర తయారుచేసి తెరలకు అతికించారు. పక్కనుంచి చూసినా బొమ్మ చెడకుండా ఉండేందుకు ఆ పొర ఎన్నో తెరల్లో పనికొచ్చింది.

ఇక టీవీ లోపలికి వెళ్తే, అన్నిటికంటే వెనక తెల్లని ఎల్‌ఈడీ దీపాలుంటాయి. కొన్ని టీవీల్లో వాటిని తెర వెనక వరసలు వరసలుగా పరుస్తారు. కొన్నిటిలో అంచున మాత్రమే అమర్చి, ఆ వెలుతురును ఒక ప్లాస్టిక్ పలక ద్వారా తెరంతా పరుచుకునేలా చేస్తారు. అంచు దీపాల టీవీ బాగా సన్నగా ఉంటుంది కానీ వెలుతురు అంతటా సమంగా పడదు. దీపాల ముందు వెలుతురును చెదరగొట్టి నునుపు చేసే తెల్లని షీట్లుంటాయి. వాటి ముందు పోలరైజర్ అనే పొర. కాంతి తరంగం అన్ని దిక్కులకూ ఊగుతూ వస్తుంది, పోలరైజర్ ఒక్క దిక్కున ఊగేదాన్ని మాత్రమే దాటనిస్తుంది. తెర ముందువైపు రెండో పోలరైజర్ ఉంటుంది, దాని దిక్కు మొదటిదానికి అడ్డం. నడుమ ఏమీ లేకపోతే మొదటి పొర దాటిన కాంతి రెండోదాని దగ్గర పూర్తిగా ఆగిపోతుంది. తెర నల్లగా ఉంటుంది.

ఆ నడుమనే ద్రవస్ఫటికం ఉంది. అర మిల్లీమీటరు, ముప్పావు మిల్లీమీటరు మందమున్న రెండు గాజు పలకల మధ్య, కొన్ని మైక్రాన్ల ఖాళీలో దాన్ని నింపుతారు. తల వెంట్రుక మందంలో ఆ ఖాళీ పదో వంతుకు మించదు. తెరంతటా ఆ ఖాళీ ఒకే తీరున ఉండాలి, ఎక్కడ తేడా వచ్చినా అక్కడ మచ్చ కనిపిస్తుంది. లోపల కడ్డీ అణువులను మెలి తిప్పి నిలబెడితే, దాటే కాంతి ఊగే దిక్కు కూడా వాటితోపాటు తొంభై డిగ్రీలు తిరుగుతుంది. అప్పుడది రెండో పోలరైజర్‌ను సులభంగా దాటుతుంది. వోల్టేజి పెడితే అణువులు లేచి నిలబడతాయి, మెలి విడిపోతుంది, కాంతి ఆగిపోతుంది. సగం వోల్టేజికి సగం మెలి, ఆ మేరకే వెలుతురు. తెలుపుకూ నలుపుకూ మధ్య ఉన్న ఛాయలన్నీ ఇలా వచ్చినవే.

దీపం వేరు, బొమ్మ వేరు అన్న సంగతి రిపేరు షాపులో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. సౌండ్ వస్తోంది, బొమ్మ రావడం లేదు అని తెచ్చిన టీవీని మెకానిక్ ఆన్ చేసి, గదిలో లైటు ఆర్పి, సెల్‌ఫోన్ టార్చిని తెరకు ఆనించినంత దగ్గరగా ఏటవాలుగా పడతాడు. ఆ చిన్న వెలుగు వలయంలో వార్తలు చదివే మనిషి ముఖమో, సీరియల్ దృశ్యమో మసకగా కదులుతూ కనిపిస్తుంది. బొమ్మ ఉంది, వెనక దీపమే లేదు. అంటే ప్యానెల్ బాగుంది, ఎల్‌ఈడీ స్ట్రిప్పులు పోయాయి. స్ట్రిప్పులోని దీపాలు ఒకదాని వెంట ఒకటి వరసలో కలిపి ఉంటాయి కాబట్టి ఒక్కటి పోయినా వరసంతా ఆరిపోవచ్చు. స్ట్రిప్పులు మార్చడం తక్కువ ఖర్చు పని. ప్యానెల్ పగిలితే మాత్రం టీవీ పోయినట్టే లెక్క, ఎందుకంటే టీవీ తయారీ ఖర్చులో సగానికి పైగా ప్యానెల్‌దే.

రంగు పుట్టించేది ముందు గాజుకు లోపలివైపు ఉండే రంగు జల్లెడ. ప్రతి చుక్కనూ ఎరుపు, పచ్చ, నీలం అనే మూడు గదులుగా విడగొడతారు. మనిషి కంటిలో రంగును గుర్తించే కణాలు మూడు రకాలు కాబట్టి ఆ మూడింటి పాళ్లు మార్చితే మిగతా రంగులన్నీ కనిపిస్తాయి. తెరమీద పూర్తి తెలుపు ఉన్నప్పుడు భూతద్దంతో దగ్గరగా చూస్తే ఎక్కడా తెలుపు ఉండదు, మూడు రంగుల సన్నని గీతలే ఉంటాయి. ఫుల్ హెచ్‌డీ తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం 20 లక్షల 73 వేల పైచిలుకు చుక్కలుంటాయి. 4కే తెరలో అడ్డంగా 3840, నిలువుగా 2160. అంటే 83 లక్షలకు దగ్గర. చుక్కకు మూడు గదుల చొప్పున రెండు కోట్ల 48 లక్షలకు పైగా గదులు, ప్రతి గదికీ వెనక గాజుమీద చెక్కిన ఒక ట్రాన్సిస్టర్.

వీటన్నిటికీ విడివిడిగా తీగలు లాగడం అయ్యే పని కాదు. తెరను వరసలుగా నడుపుతారు. ఒక వరసలోని ట్రాన్సిస్టర్లన్నీ ఒక్కసారి తెరుచుకుంటాయి, నిలువు తీగల మీదుగా ఏ గదికి ఎంత వోల్టేజి కావాలో అంత చేరుతుంది, వరస మూసుకుంటుంది, తర్వాతి వరస తెరుచుకుంటుంది. సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చే 4కే తెరలో ఒక్కో వరసకు దొరికే సమయం సెకనులో పది లక్షల వంతుల్లో ఎనిమిదికి మించదు. మూసుకున్నాక కూడా గది తనకు అందిన విద్యుత్తును తర్వాతి వంతు వచ్చేదాకా పట్టి ఉంచుకుంటుంది. డబ్బా టీవీలో ఎలక్ట్రాన్ల ధార దాటిపోగానే ఆ చోట వెలుగు తగ్గిపోయేది, అందుకే కన్ను చిట్లించేలా మినుకుమినుకుమనేది. ఫ్లాట్ తెరలో ఆ మినుకు లేదు. గంటల తరబడి చూసే వయసు మళ్లినవారికి ఇది చిన్న మేలు కాదు. అయితే ద్రవస్ఫటికం తిరగడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది, బొమ్మ కూడా మారేదాకా నిలిచి ఉంటుంది. ఈ రెండు కారణాల వల్ల క్రికెట్‌లో వేగంగా పోయే బంతి వెనక మసక తోక కనిపిస్తుంది. సెకనుకు 120 సార్లు బొమ్మ మార్చే 120 హెర్ట్జ్ తెరలు వచ్చింది దాన్ని తగ్గించడానికే.

వెలుతురును ఆపడంలోనే ఎల్‌సీడీ టీవీ అసలు బలహీనత దాగి ఉంది. ద్రవస్ఫటికం ఎంత బిగించినా కొంత వెలుతురు సందుల్లోంచి కారుతూనే ఉంటుంది. ఈ ప్రాంతపు ఇళ్లలో దీన్ని పరీక్షించడానికి తిరుమల బ్రహ్మోత్సవాల్లో అయిదో రోజు రాత్రి గరుడ వాహన సేవను మించిన దృశ్యం లేదు. తిరుమల తిరుపతి దేవస్థానాల శ్రీ వేంకటేశ్వర భక్తి చానెల్, అంటే ఎస్‌వీబీసీ, 2008 జులైలో ప్రారంభమైంది. మాడ వీధుల్లో తిరిగే వాహన సేవలను అది ప్రత్యక్షంగా చూపుతుంది. ఒకే దృశ్యంలో పైన నల్లని ఆకాశం, నడుమ బంగారు గరుడుడు, ఆభరణాల తళుకు, కింద దివిటీల మంట, గ్యాలరీల్లో వేల ముఖాలు ఉంటాయి. నాసిరకం తెరమీద ఆకాశం నల్లగా ఉండదు, బూడిద రంగులో తేలుతుంది, స్వామి మెడలోని హారాలు ఒకే పసుపు ముద్దలా కనిపిస్తాయి. మంచి తెరమీద హారం హారంగా, రాయి రాయిగా విడివడుతుంది. తెలుపుకూ నలుపుకూ ఉన్న ఈ తేడానే కాంట్రాస్ట్ అంటారు. బొమ్మ బాగుందని కన్ను అనుకోవడానికి చుక్కల సంఖ్య కంటే ముందు చూసేది దీన్నే.

ఇప్పటి టీవీ ప్యానెళ్లలో, పైన చెప్పిన మెలి పద్ధతికి బదులు, ప్రధానంగా రెండు తీరులున్నాయి. ఐపీఎస్ ప్యానెల్‌లో అణువులు పడుకున్నచోటే పక్కకు తిరుగుతాయి. వీఏ ప్యానెల్‌లో అవి మామూలుగా నిలబడి ఉండి, వోల్టేజికి వాలుతాయి. వీఏ వెలుతురును బాగా ఆపుతుంది. దాని కాంట్రాస్ట్ మూడు వేలకు ఒకటి, అంతకు పైన కూడా ఉంటుంది. ఐపీఎస్‌లో అది వెయ్యికి ఒకటి దరిదాపుల్లో ఆగుతుంది. ఐపీఎస్ సుగుణం పక్క చూపు. నడవా లాంటి ఇరుకు హాలులో ఒకరు దివాన్ మీద, ఇద్దరు నేలమీద, ఒకరు వంటింటి గడప దగ్గర కూర్చుని చూసే ఇంట్లో వీఏ తెర పక్కవారికి వెలిసిపోయినట్టు కనిపిస్తుంది, ఐపీఎస్ అందరికీ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఎదురుగా కూర్చుని రాత్రిపూట సినిమా చూసే ఇంటికి వీఏ మేలు.

వెలుతురు కారే ఈ బలహీనతను తగ్గించడానికి వెనక దీపాలనే భాగాలుగా విడగొట్టి, బొమ్మలో చీకటి ఉన్న చోట ఆ భాగం దీపాన్ని తగ్గించే పద్ధతి వచ్చింది. ఆ దీపాలను చాలా చిన్నవిగా, వందలు వేలుగా పరిస్తే అది మినీ ఎల్‌ఈడీ టీవీ అవుతుంది. అసలు ఈ దీపాలన్నిటికీ మూలం నీలం ఎల్‌ఈడీ. నీలం వెలుగు మీద పసుపు ఫాస్ఫర్ పూస్తే తెలుపు వస్తుంది. నీలం ఎల్‌ఈడీని సాధించిన ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది. అంతకు ముందు ఫ్లాట్ టీవీల్లో పాదరసం ఉన్న సన్నని ట్యూబ్‌లైట్లు వాడేవారు. నీలం ఎల్‌ఈడీ రాకతో పాదరసం పోయింది, కరెంటు ఖర్చు తగ్గింది. క్యూఎల్‌ఈడీ అని రాసిన టీవీల్లో పసుపు ఫాస్ఫర్ బదులు క్వాంటమ్ డాట్లు అనే నానోమీటర్ల రేణువుల పొర ఉంటుంది. రేణువు చిన్నదైతే పచ్చ, కాస్త పెద్దదైతే ఎరుపు వెలుగు వస్తుంది. అందువల్ల రంగులు స్వచ్ఛంగా ఉంటాయి. వీటి పరిశోధనకు 2023లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఓఎల్‌ఈడీ దారి పూర్తిగా వేరు. 1987లో కోడాక్ సంస్థలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ చూపిన సేంద్రియ పదార్థపు దీపం దానికి ఆధారం. అందులో వెనక దీపమే ఉండదు. ప్రతి చుక్కా తానే వెలుగుతుంది, నలుపు కావలసిన చోట పూర్తిగా ఆరిపోతుంది. గరుడ సేవ రాత్రి ఆకాశాన్ని నిజమైన నలుపుతో చూపేది ఇదే. ధర ఎక్కువ, ఎండ పడే గదిలో వెలుగు చాలదు, ఒకే లోగో ఏళ్ల తరబడి ఒకే మూల నిలిచి ఉంటే దాని జాడ తెరమీద మిగిలిపోయే ప్రమాదమూ ఉంది. రోజంతా ఒకే చానెల్ నడిచే ఇంటికి ఇది ఆలోచించవలసిన విషయం. ఒకప్పుడు పెద్ద తెరలకు పేరుబడ్డ ప్లాస్మా టీవీల తయారీ 2010ల మధ్యకల్లా ఆగిపోయింది.

ఈ టీవీల తయారీలో కొంత భాగం ఇప్పుడు తిరుపతి చుట్టుపక్కలే జరుగుతోంది. డిక్సన్ టెక్నాలజీస్ తిరుపతి ప్లాంటులో వేర్వేరు బ్రాండ్ల కోసం ఎల్‌ఈడీ టీవీలు బిగిస్తుంది. 2018 అక్టోబరులో షావోమి తన టీవీలను భారత్‌లో తయారుచేయిస్తామని ప్రకటించింది ఈ ప్లాంటులోనే. ఏర్పేడు మండలం వికృతమాల దగ్గరి ఎలక్ట్రానిక్స్ క్లస్టర్‌లో చైనా కంపెనీ టీసీఎల్ ప్యానెల్ ఫ్యాక్టరీకి 2018 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది, 2022 జూన్‌లో దాన్ని ప్రారంభించారు. శంకుస్థాపన నాటి ప్రకటనలో చెప్పిన సామర్థ్యం ఏడాదికి 22 నుంచి 55 అంగుళాల టీవీ తెరలు 80 లక్షలు, ఫోన్ తెరలు మూడు కోట్లు.

ఇక్కడ జరిగే పనిని ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. ప్యానెల్ తయారీలో కష్టమైన మొదటి అంకం గాజుమీద ట్రాన్సిస్టర్లు చెక్కడం, ద్రవస్ఫటికం నింపి రెండు పలకలు అతికించడం. దానికి వేల కోట్ల పెట్టుబడి, బాగా శుద్ధి చేసిన నీరు, ధూళి చొరబడని గదులు కావాలి. రెండు మీటర్లకు పైగా పొడవూ వెడల్పూ ఉన్న గాజు పలకను ఒక్కసారిగా పని చేసి, తర్వాత టీవీ సైజులకు కోస్తారు. 2200కు 2500 మిల్లీమీటర్ల పలకలోంచి 55 అంగుళాల తెరలు ఆరు వస్తాయి. ఈ అంకం చైనా, కొరియా, తైవాన్, జపాన్ దేశాల చేతుల్లో పెరిగింది. భారత్‌లో టీవీల కోసం ఈ పని ఇంకా వేళ్లూనలేదు. అలా వచ్చిన గాజు తెరకు చిప్పులు అతికించి, వెనక దీపాలు, షీట్లు, ఫ్రేము బిగించి మాడ్యూల్ చేయడం రెండో అంకం. వికృతమాల ఆ రెండో అంకానికి చెందినది.

దీన్ని తక్కువ పనిగా చూడడం సరికాదు. తెర అంచున ఉన్న వందలాది తీగల కొసలకు, చిప్పు ఉన్న సన్నని ఫిల్మును కలపాలి. నడుమ అతి చిన్న లోహపు గుండ్లు కలిసిన జిగురు పట్టీ పెట్టి, వేడి చేసి నొక్కుతారు. గుండ్లు పైనున్న తీగను కిందనున్న తీగతో మాత్రమే కలపాలి, పక్కదానితో కలపకూడదు. వెంట్రుకవాసి పక్కకు జరిగినా తెర పనికిరాదు. కొన్నేళ్లు వాడాక టీవీలో నిలువు గీతలు వచ్చాయని జనం చెప్పేది చాలాసార్లు ఈ అతుకు సడలడం వల్లనే. ఈ సూక్ష్మమైన పనిలో చేయి తిరిగిన మనుషులు ఏర్పేడు, శ్రీకాళహస్తి, రేణిగుంట ఊళ్లలో తయారవడం ఈ ప్రాంతానికి దక్కిన నిజమైన ఆస్తి.

ఇంట్లో చూసే లెక్కకు వస్తే, అన్నిటికంటే ముందు దూరం కొలవాలి. ఆరోగ్యమైన కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం దాకా వివరాలను విడదీయగలదు. 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరలో ఒక్కో చుక్క అర మిల్లీమీటరు. సుమారు అయిదున్నర అడుగులు దాటి కూర్చుంటే ఆ చుక్కలు కంటికి విడిగా ఆనవు. 55 అంగుళాల తెరకు ఆ దూరం ఏడడుగుల పైచిలుకు. పదడుగుల హాలులో ఎదురు గోడకు ఆనుకుని 43 అంగుళాల టీవీ చూసేవారికి ఫుల్ హెచ్‌డీకీ 4కేకీ తేడా దాదాపు తెలియదు. ఆ డబ్బు పెద్ద తెర మీదో, మెరుగైన వెనక దీపం మీదో పెడితే కంటికి తెలిసేలా లాభం కనిపిస్తుంది. అంగుళాల లెక్క మూల నుంచి మూలకు కొలిచేదని కూడా గుర్తుండాలి. 43 అంగుళాల టీవీ వెడల్పు 95 సెంటీమీటర్లు, ఎత్తు 54 సెంటీమీటర్లే. తెర నడిభాగం కూర్చున్నవారి కంటి ఎత్తులో ఉంటే మెడ నొప్పి రాదు. చాలా ఇళ్లలో టీవీని తలుపు వాసాల ఎత్తుకు బిగిస్తున్నారు, అది తప్పు.

తెర ఎంత మంచిదైనా దానికి అందే సిగ్నల్ మంచిది కావాలి. ఖరీదైన టీవీకి సెట్ టాప్ బాక్స్‌ను పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల తీగతో కలిపిన ఇళ్లు ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. ఆ పసుపు పిన్ను డబ్బా టీవీల కాలానిది, 576 గీతల బొమ్మ కంటే ఎక్కువ మోయలేదు. హెచ్‌డీ బాక్సుకు చందా కడుతూ ఈ తీగ వాడితే కట్టిన డబ్బు వృథా. బాక్సుకూ టీవీకీ మధ్య హెచ్‌డీఎమ్‌ఐ తీగ వేస్తే బొమ్మ అప్పటికప్పుడు తేటపడుతుంది. పాత సినిమా చూస్తున్నప్పుడు ముఖాలు వెడల్పుగా సాగి కనిపిస్తే కారణం టీవీ కాదు, నాలుగుకు మూడు కొలతలో తీసిన బొమ్మను పదహారుకు తొమ్మిది తెరమీద సాగదీయడం. సెట్టింగుల్లో ఒరిజినల్ కొలత ఎంచుకుంటే పక్కలకు నల్ల పట్టీలు వస్తాయి, బొమ్మ సరిగ్గా ఉంటుంది. షోరూం వెలుగులో మెరవడానికి పెట్టిన వివిడ్ మోడ్‌ను కూడా ఇంటికి రాగానే మార్చాలి. సినిమా లేదా స్టాండర్డ్ మోడ్‌లో ముఖం రంగు సహజంగా ఉంటుంది, వెనక దీపాల మీద భారం తగ్గి అవి ఎక్కువ కాలం మన్నుతాయి.

సన్నదనానికి చెల్లించిన మూల్యం ధ్వని. చెక్క పెట్టెలో ముందుకు తిరిగి ఉండే స్పీకరు స్థానంలో, కిందికో వెనక్కో తిరిగిన చిన్న స్పీకర్లు వచ్చాయి. మాట వినిపిస్తుంది కానీ మృదంగం మోత, డోలు దెబ్బ పలుచబడిపోతాయి. కచేరీలూ సినిమాలూ ఇష్టపడే ఇంటికి విడిగా ఒక సౌండ్ బార్ అవసరమే.

కరెంటు విషయంలో ఫ్లాట్ టీవీకి తిరుగు లేదు. 21 అంగుళాల డబ్బా టీవీ 70 నుంచి 100 వాట్లు తినేది. రెండింతల వైశాల్యం ఉన్న 32 అంగుళాల ఎల్‌ఈడీ టీవీ 30 నుంచి 50 వాట్లతో నడుస్తుంది. వెనక దీపాల వెలుతురులో పదో వంతు కూడా తెర దాటి బయటికి రాకపోయినా ఇంత పొదుపు సాధ్యమైందంటే అది ఎల్‌ఈడీల చలవే. కోతల వేళ ఇన్వర్టర్ మీద టీవీ నడిపే ఇంటికి ఈ తేడా గంటల్లో తెలుస్తుంది. ఫ్లాట్ టీవీల్లోని పవర్ సప్లై సాధారణంగా 100 నుంచి 240 వోల్టుల దాకా సర్దుకుంటుంది, మామూలు హెచ్చుతగ్గులకు స్టెబిలైజర్ అవసరం పడదు. పిడుగు వేరే సంగతి. వేసవి చివర ఉరుముల వానలప్పుడు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో మెరుపు మొదలవగానే ప్లగ్గు పీకాలి. మిద్దెమీది డిష్ తీగను కూడా పీకాలి, చాలా బోర్డులు కాలేది ఆ తీగ వెంట వచ్చిన దెబ్బకే.

తెర తుడవడానికి పొడి మెత్తని గుడ్డ చాలు. పైన కనిపించేది చాలా టీవీల్లో గాజు కాదు, పోలరైజర్ అనే ప్లాస్టిక్ పొర. అద్దాలు తుడిచే ద్రవాలు చల్లితే దానిమీద చెరగని మరకలు పడతాయి. ఇక కొత్త టీవీ కొనేవారికి కలిసొచ్చిన మాట ఒకటి ఉంది. 32 అంగుళాలు దాటిన టీవీలమీద 28 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి తగ్గింది.

కొత్త టీవీ వచ్చాక అటక మీదికి చేరిన డబ్బా టీవీని ఏం చేయాలన్నది ఇంకా చాలా ఇళ్లలో తేలలేదు. ఆ పిక్చర్ ట్యూబు గాజులో సీసం ఉంటుంది. దాన్ని చెరువు గట్టునో, ఏటి ఒడ్డునో పగలగొట్టి లోపలి రాగి తీగ తీసుకుని గాజును అక్కడే వదిలేస్తే, వానకు ఆ సీసం నీళ్లలోకి దిగుతుంది. శూన్యం ఉన్న ట్యూబు పగిలేటప్పుడు గాజు ముక్కలు ఎగిరి కళ్లలో పడే ప్రమాదం కూడా ఉంది. పాత టీవీని పిల్లలకు అందకుండా ఉంచి, కొత్తది కొనేటప్పుడు అంగడివాళ్లకు మార్పిడిలో ఇవ్వండి, లేదా ఈ-వ్యర్థాలు సేకరించే గుర్తింపు పొందిన సంస్థకు అప్పగించండి. దయచేసి పగలగొట్టకండి.